పెచ్చెరువు నుంచి శ్రీశైలం దాకా ఆ ఒక్క రోజు నడక: అమ్మను తీసుకెళ్లవచ్చా?

మోదుగపువ్వు:
అందరికీ నమస్కారం. వచ్చే శివరాత్రికి నల్లమల దారిలో నడిచి శ్రీశైలం వెళ్లాలని మా అమ్మ పట్టుబట్టింది. ఆమెకు 63 ఏళ్లు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది, మెట్లు ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది కానీ దిగేటప్పుడు మోకాళ్లు నొప్పి అంటుంది. రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే అలవాటు మాత్రం ఉంది. మా అమ్మమ్మ ఈ దారిలో మూడుసార్లు నడిచిందట, భీముని కొలను దగ్గర రాళ్ల మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టుకున్న సంగతి పోయేదాకా చెబుతూనే ఉండేది. అమ్మ ఇన్నేళ్లూ బస్సులోనే వెళ్లి దర్శనం చేసుకుని వచ్చింది. ఇప్పుడు "నేనూ ఒక్కసారి మా అమ్మ నడిచిన దారిలో పోవాలి" అంటోంది.

మా ప్లాన్ ఇది. మొదటి రోజు ఆత్మకూరు నుంచి వెంకటాపురం వచ్చి అక్కడి నుంచి నాగలూటి, రెండో రోజు నాగలూటి నుంచి దామర్లకుంట మీదుగా పెచ్చెరువు, మూడో రోజు పెచ్చెరువు నుంచి మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం. మొదటి రెండు రోజుల గురించి నాకు అంత భయం లేదు. మూడో రోజే టెన్షన్. నడిచినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ధైర్యం చెప్పడం కోసం తగ్గించి చెప్పొద్దు.

ఆత్మకూరు_నడక:
అక్కా, నేను పదకొండుసార్లు నడిచాను, మాది ఈ పక్క ఊరే. మూడో రోజును ఒక్క నడకలా చూడొద్దు, అది మూడు ముక్కలు. పెచ్చెరువు నుంచి మఠంబావి మీదుగా భీముని కొలను అంచు దాకా ఒక ముక్క, దారిలో రాళ్లున్నా పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు, చెట్ల నీడ కొంత ఉంటుంది. తర్వాత లోయలోకి దిగడం, మళ్లీ అవతలి వైపు కైలాసద్వారం దాకా ఎక్కడం, ఇది రెండో ముక్క, మనిషిని తేల్చేది ఇదే. కైలాసద్వారం నుంచి హాటకేశ్వరం పక్కగా శ్రీశైలం చేరడం మూడో ముక్క, దూరం తక్కువే కానీ అప్పటికి కాళ్లలో ఏమీ మిగలదు కాబట్టి అది కూడా పొడుగ్గానే అనిపిస్తుంది.

అందరూ చేసే తప్పు ఒక్కటే. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది, పక్కన గుంపులు గుంపులుగా "చేదుకో మల్లన్నా, ఆదుకో మల్లన్నా" అంటూ పోతుంటారు, ఆ ఊపులో మనమూ పరిగెత్తినట్టు నడుస్తాం. మొదటి ముక్కలో గంట ముందు చేరి సాధించేది ఏమీ ఉండదు. కొలను దగ్గరికి వచ్చేసరికి తొడలు వణుకుతుంటే అక్కడి నుంచి ప్రతి మెట్టూ శిక్షే. అమ్మను మొదటి మూడు గంటలు ఆమెకే విసుగు పుట్టేంత నెమ్మదిగా నడిపించండి.

ఒంటరి_బాట:
నేను పోయినసారి వెంకటాపురం నుంచి శ్రీశైలం దాకా మొత్తం ఒకే బిగువున రాత్రి పగలు నడిచి వచ్చేశాను, నలభై కిలోమీటర్ల పైమాటే. అంత భయపెట్టాల్సిన దారి కాదండీ. డెబ్బై ఏళ్ల ముసలమ్మలు చెప్పులు లేకుండా నడుస్తుంటే చూశాను. భక్తి ఉంటే ఆయనే నడిపిస్తాడు.

తెల్లకోటు:
పైన చెప్పినదాంట్లో ఒక మాట నిజం, వృద్ధులు చాలామంది నడుస్తారు. కానీ ఆ ముసలమ్మలు చాలామంది ఏడాది పొడవునా పొలంలో వంగి లేచి పని చేసేవాళ్లు. మన అమ్మలను వాళ్లతో పోల్చకూడదు. నేను ఫిజియోథెరపిస్టును, శివరాత్రి తర్వాత వారం మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎక్కడం వల్ల కాదు, దిగడం వల్ల దెబ్బతిన్నవాళ్లే.

ఎందుకంటే, ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆయాసం వస్తే మనిషి తనంతట తనే ఆగుతాడు. దిగేటప్పుడు ఆయాసం రాదు, అందుకని ఆగము. కానీ అప్పుడు తొడ ముందు భాగం కండరం సాగుతూనే బరువును ఆపాలి, బ్రేకు పట్టుకుని వాలులో బండిని దింపినట్టు. ఆ పని అలవాటు లేని కండరం కాసేపటికే అలిసిపోతుంది, అప్పుడు ఆ బరువంతా మోకాలి మీద పడుతుంది. మీ అమ్మగారికి దిగేటప్పుడే నొప్పి అన్నారు కాబట్టి ఇది ముఖ్యం.

మీకు ఇంకా సమయం ఉంది. ఇప్పటి నుంచే వారానికి నాలుగు రోజులు మెట్లు దిగడం సాధన చేయించండి. లిఫ్టులో పైకి పంపి మెట్ల మీద నెమ్మదిగా దిగమనండి, మొదట రెండు అంతస్తులు, నొప్పి పెరగకపోతే ప్రతి వారం కొంచెం పెంచండి. ఎనిమిది వారాలు ఇలా చేస్తే తేడా ఆమెకే తెలుస్తుంది. నొప్పి పెరిగినా, మోకాలు వాచినా ఆపి డాక్టరుకు చూపించండి. బీపీ మాత్ర సంగతి కూడా ముందే అడగండి, కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, ఎండలో రోజంతా నడిచినప్పుడు వాటితో ఒంట్లో నీరు ఇంకా తగ్గుతుంది. మీరే మాత్ర ఆపేయడం మాత్రం చేయొద్దు.

ఒంటరి_బాట:
తెల్లకోటు గారూ, నేను ఆ కోణంలో ఆలోచించలేదు. నాకు 26 ఏళ్లు. అయినా ఆ నడక తర్వాత నాలుగు రోజులు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది, ఇప్పుడు అర్థమైంది ఎందుకో. నా మొదటి పోస్టు తొందరపడి రాశాను, అక్క గారు ఏమీ అనుకోవద్దు.

శివదీక్ష41:
నేను దీక్షలో నాలుగేళ్లుగా నడుస్తున్నాను. చెప్పుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. మాల వేసుకున్నవాళ్లం 41 రోజులూ చెప్పులు లేకుండానే తిరుగుతాం కాబట్టి అప్పటికి పాదం కాస్త గట్టిపడుతుంది, జ్యోతిర్ముడి (మా దీక్షలో ఇరుముడి) నెత్తిన పెట్టుకుని అలాగే నడుస్తాం. మాల వేయకుండా అప్పటికప్పుడు చెప్పులు విడిచి నడవాలనుకోవడం మాత్రం వద్దు. మధ్యాహ్నం రాయి కాలిందంటే పాదం పెట్టలేం, దానికి తోడు ముళ్లు. మల్లన్నకు మొక్కు మన నడక, మన పుండ్లు కాదు. అమ్మకు బాగా అలవాటైన బూట్లు వేయించండి, కొత్తవి అసలు వద్దు. దిగేటప్పుడు కాలు ముందుకు జారి బొటనవేలి గోరు బూటుకు కొట్టుకుంటుంది కాబట్టి ముందు రోజే గోళ్లు పొట్టిగా తీయించండి, దిగే ముందు లేసులు బిగించి కట్టండి.

ఇంకోటి. పాదంలో ఎక్కడైనా మంటగా అనిపించిన క్షణమే ఆగి చూడాలి. అప్పటికి బొబ్బ రాదు, ఎర్రగా మాత్రమే ఉంటుంది, అక్కడ ప్లాస్టర్ అతికిస్తే అక్కడితో పోతుంది. "ఇంకో అరగంటలో ఆగుదాంలే" అనుకుంటే బొబ్బ తేలుతుంది. బొబ్బ వచ్చాక దాని పైతోలు మాత్రం పీకొద్దు.

ఆత్మకూరు_నడక:
స్వామీ, గోళ్ల మాట బంగారం. నాకు మొదటిసారి రెండు గోళ్లు నల్లబడి ఊడిపోయాయి.

అక్కా, కర్ర సంగతి కూడా రాసుకోండి. ఒకటి కాదు, రెండు. భుజం కన్నా కాస్త తక్కువ ఎత్తు ఉండే వెదురు కర్రలు. అడవిలో కొమ్మ విరుచుకోవచ్చులే అనుకోవద్దు, అది తప్పు, అక్కడ కొమ్మ కూడా విరవకూడదు. ఇంటి నుంచే తెచ్చుకోండి.

అడవిచూపు:
నేను కొన్నేళ్లు శివరాత్రి సమయంలో ఆ దారిలో వాలంటీరుగా పని చేశాను. అడవి విషయం కొంచెం గట్టిగా చెప్పాలి. మనం నడిచేది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో, దేశంలో పులుల కోసం కేటాయించిన అడవుల్లో అదే పెద్దది. ఏడాదంతా అక్కడ జనం తిరగడానికి వీల్లేదు, శివరాత్రికీ ఉగాదికీ కొన్ని రోజులు మాత్రమే అటవీశాఖ దారి తెరుస్తుంది. ఆ కొద్ది రోజుల్లో వేల మంది ఒకే బాటలో పోతారు.

పులి గురించి అందరూ అడుగుతారు, అంత మంది శబ్దానికి అది దరిదాపుల్లో ఉండదు. నేను భయపడేది నిప్పుకు. మాఘమాసం చివరికి గడ్డి ఎండిపోయి ఉంటుంది, ఆకు రాలి బాట పక్కన మోకాలి లోతు పడి ఉంటుంది. ఒక బీడీ ముక్క చాలు. వంటకు పొయ్యి వెలిగించడం, కర్పూరం వెలిగించి వదిలేసి పోవడం, ఇవి వద్దే వద్దు. పొగకు తేనెటీగలు లేచాయంటే పరిగెత్తడానికి కూడా చోటుండదు. ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, స్టీలు సీసా తీసుకెళ్లండి. ఒంటరిగా బాట దిగి లోపలికి పోవద్దు, ఆడవాళ్లు కాలకృత్యాలకు వెళ్లినా ఇద్దరు ముగ్గురు కలిసే వెళ్లండి, ఎలుగుబంట్లు ఉండే అడవి అది. నాగలూటి దాటాక ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ప్రతి పొద్దునా ముందే అనుకోండి, మూడో రోజుకైతే "భీముని కొలను దిగే ముందు" అని ఒక చోటు, "కైలాసద్వారం" అని ఇంకో చోటు.

మనకు అది ఏడాదికోసారి పోయే దారి, నాగలూటి, పెచ్చెరువు గూడేల్లోని చెంచులకు అది ఇల్లు. మల్లన్నను వాళ్లు చెంచు మల్లన్న అంటారు, తమ ఇంటి అల్లుడిగా చూసుకుంటారు. వాళ్ల గుడిసెల ముందు నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

పాతమెట్లు:
ఈ చర్చలో ఒక ముక్క చేర్చాలని. ఆ రాతి మెట్ల మీద కాలు పెట్టినప్పుడు అవి ఎంత పాతవో అమ్మగారికి చెప్పండి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల్లో మొదటివాడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. రాజ్యం నిలబెట్టుకోవడానికి యుద్ధాల్లో మునిగి ఉన్న కాలంలో, కొండ ఎక్కే మనిషి కాలికి ఆసరా ఉండాలని రాళ్లు పరిపించడం చిన్న విషయం కాదు. అదే శతాబ్దం చివర్లో విజయనగర రాజు రెండో హరిహరరాయల భార్య విఠలాంబ పాతాళగంగ నుంచి పైకి మెట్లు కట్టించింది. 1677లో శివాజీ శ్రీశైలం వచ్చాడు. డోర్నాల ఘాట్ రోడ్డు పడకముందు, కృష్ణ మీద ఆనకట్ట పని 1960ల్లో మొదలు కాకముందు, కొండ మీద మల్లన్నను చూడాలంటే రాజైనా రైతైనా ఈ అడవిలో పడి రావాల్సిందే. మీ అమ్మమ్మ గారు ఆ తరం మనిషి అన్నమాట.

మోదుగపువ్వు:
మాస్టారూ (మీ రాత చూసి మాస్టారనే అనిపించింది), ఇది అమ్మకు చదివి వినిపించాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మమ్మ ఎప్పుడూ "రెడ్డిరాజుల మెట్లు" అనేదట, అమ్మ అదేదో ఊళ్లో రెడ్లు వేయించినవి అనుకుందట ఇన్నేళ్లూ.

మెట్లు దిగడం నిన్నటి నుంచే మొదలుపెట్టాం.

కంబి_తోడు:
నేను రాయచూరు వైపు ఉండే తెలుగువాణ్ణి, మా వాళ్లతో ఉగాదికి నడుస్తాను. మా వైపు నుంచి, ఇంకా పైన బాగల్‌కోట, విజయపుర నుంచి వందల కిలోమీటర్లు నడిచి వచ్చే కన్నడ భక్తులకు భ్రమరాంబ ఆడపడుచు, మల్లన్న అల్లుడు. ఉగాదికి పుట్టింటి నుంచి చీర, పసుపు, కుంకుమ తీసుకుని వెళ్తున్నామనే భావంతో నడుస్తారు. కొందరు కంబి, అంటే కావడి లాంటిది, మోస్తారు, కొందరు మరగాళ్లు, అంటే పొడుగాటి కర్ర కాళ్లు, కట్టుకుని నడుస్తారు. వాళ్లకు ఈ మూడు రోజుల అడవి నడక మొత్తం ప్రయాణంలో చివరి కొస మాత్రమే.

వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది ఒకటి చెబుతాను. గుంపులో ఎప్పుడూ అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెడతారు. వెనక పెట్టరు. వెనక పెడితే ఆ మనిషి అందుకోవాలని పరుగు పెడుతుంది, ముందువాళ్లు ఆగి విశ్రాంతి తీసుకుంటారు, ఆమె వచ్చి చేరేసరికి వాళ్లు లేచి మళ్లీ బయల్దేరతారు, ఆమెకు మాత్రం విశ్రాంతి ఉండదు. అమ్మను ముందు నడవనివ్వండి, మీరు ఒక అడుగు వెనక.

ఎండ విషయం: ఉగాది కన్నా శివరాత్రికి ఎండ తక్కువే, అయినా పది దాటాక కొలను లోయలో గాలి ఆడదు. ఉప్పు లేకుండా వట్టి నీళ్లే తాగుతూ పోతే తల తిరుగుతుంది, కాళ్ల కండరాలు పట్టేస్తాయి.

తెల్లకోటు:
కంబి_తోడు గారు చెప్పింది వందపాళ్లు నిజం. ఓఆర్‌ఎస్ పొట్లాలు తీసుకెళ్లండి, లీటరుకని రాసి ఉన్న పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, అర లీటరులో కలిపి చిక్కగా తాగొద్దు. బీపీ ఉంది కాబట్టి ఎంత తాగొచ్చో ఆమె డాక్టరునే అడగండి. ఒక గుర్తు పెట్టుకోండి, నాలుగైదు గంటలుగా మూత్రానికి వెళ్లాలనిపించకపోయినా, వెళ్తే ముదురు రంగులో వచ్చినా నీళ్లు చాలలేదని. గుండెల్లో నొప్పి, మాట తడబడటం, చెమట పట్టడం ఆగిపోయి ఒళ్లు కాలడం, వీటిలో ఏది కనిపించినా నడక అక్కడితో ఆపేసి దగ్గరి వైద్య శిబిరానికి కబురు చేయాలి. అప్పుడు మొక్కు గురించి ఆలోచించొద్దు.

మోదుగపువ్వు:
(శివరాత్రి అయ్యాక రాస్తున్నాను.)

వెళ్లి వచ్చాం. అమ్మ నడిచింది, మొత్తం. వచ్చి వారం అయింది, ఇప్పటికి కూర్చుని రాయగలుగుతున్నాను. మూడో రోజు గురించే రాస్తాను, మీరందరూ చెప్పింది ఆ రోజు గురించే కాబట్టి.

ముందు రాత్రి పెచ్చెరువులో ఆరుబయట దుప్పటి పరుచుకుని పడుకున్నాం. అంత మంది మధ్య నిద్ర పట్టదనుకున్నాను కానీ అమ్మ తొమ్మిదికే నిద్రపోయింది. అన్నదానం చేసేవాళ్లు రాత్రంతా వడ్డిస్తూనే ఉన్నారు, వాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. తెల్లవారుజామున 4 దాటాక టార్చిలైటు పట్టుకుని బయల్దేరాం. ఆత్మకూరు తమ్ముడు చెప్పినట్టే జనం మమ్మల్ని దాటుకుంటూ పోతున్నారు, ఒక దశలో అమ్మ "అందరూ పోతున్నారే, మనమే మిగిలాం" అంది. నేను ఆమెను ముందు పెట్టి ఆమె వెనకే నడిచాను, వేగం పెంచనివ్వలేదు. గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చున్నాం, బూట్లు విప్పించి పాదాలు చూశాను. రెండోసారి చూసినప్పుడు ఎడమ మడమ ఎర్రగా ఉంది, ప్లాస్టర్ వేశాను, అది మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. శివదీక్ష స్వామికి దండం.

తెల్లవారేసరికి మఠంబావి దగ్గరికి ఇంకా కొంత దూరంలో ఉన్నాం. ఆకులన్నీ రాలిన అడవిలో మోదుగ చెట్లు ఒక్కటే ఎర్రగా పూసి ఉన్నాయి, నా పేరు ఇక్కడ అదే కదా, అమ్మ నవ్వింది. మఠంబావి దగ్గర అటుకులు తిన్నాం, ఓఆర్‌ఎస్ తాగాం. అక్కడ ఒక పాతికేళ్ల అబ్బాయి తొడ పట్టేసి కింద పడి అల్లాడుతున్నాడు, వాళ్ల స్నేహితులు వట్టి నీళ్లే పోస్తున్నారు. మా దగ్గరున్న పొట్లం కలిపి ఇచ్చాం, కాలు చాచి పట్టుకున్నాం, ఇరవై నిమిషాలకు లేచి కూర్చున్నాడు.

భీముని కొలను అంచుకు పదిన్నరకు చేరాం. కింద లోయ కనపడగానే అమ్మ ఆగిపోయింది. అవతలి వైపు గట్టు మీద మనుషులు చీమల్లా ఎక్కుతున్నారు. నిజం చెబుతున్నా, ఆ క్షణం నాకు గుండె జారిపోయింది, ఎందుకు తీసుకొచ్చానా అనిపించింది. అమ్మ మాత్రం ఏమీ మాట్లాడకుండా లేసులు బిగించమని కాళ్లు చాపింది.

దిగడానికి మాకు గంట పైనే పట్టింది. మెట్లు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, కొన్ని కదులుతున్నాయి, కొన్ని చోట్ల అరిగిపోయి నున్నగా ఉన్నాయి. రెండు కర్రలూ ముందు కింది మెట్టు మీద పెట్టి, తర్వాత నొప్పి ఉన్న కాలు, తర్వాత రెండో కాలు, ఇలా ఒక్కో మెట్టూ. వెనక వచ్చేవాళ్లు తొందర పెట్టినప్పుడు పక్కకు జరిగి దారి ఇచ్చాం. ఒక పెద్దాయన మాత్రం మమ్మల్ని దాటలేదు, "మీరు దిగండమ్మా, నాకేం తొందర లేదు, నేనూ ఇలాగే దిగాలి" అని మా వెనకే వచ్చాడు.

కింద నీళ్లు ఎక్కువ లేవు, రాళ్ల మధ్య కొంచెం ఉన్నాయి, అప్పటికే చాలామంది స్నానాలు చేసి ఉన్నారు. అమ్మ బూట్లు, సాక్సులు తీసి ఒక రాయి మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టింది. నేను ఫోటో తీద్దామని ఫోను తీశాను, వద్దంది. చాలాసేపు కూర్చుంది. ఏ రాయి మీద కూర్చుందో ఏమో మా అమ్మ, అని ఒక్క మాట అంది అంతే.

తర్వాత పాదాలు పూర్తిగా తుడిచి ఆరబెట్టి, సాక్సులు మార్చి ఎక్కడం మొదలుపెట్టాం. ఎక్కడం కష్టమే, ఎండ నెత్తి మీద ఉంది, పది పన్నెండు మెట్లకోసారి ఆగాం. కానీ దిగడం అంత భయం వేయలేదు, ఆయాసం వచ్చినప్పుడు ఆగడం, తగ్గగానే లేవడం. పక్కన ఎవరో ఒకరు "ఓం నమః శివాయ" అంటూనే ఉన్నారు, ఒక గుంపు పోతే ఇంకో గుంపు. కైలాసద్వారం రాళ్లు కనిపించేసరికి రెండున్నర. అక్కడ నీళ్లు, మజ్జిగ ఇస్తున్నారు, పందిరి కింద అరగంట పడుకుంది అమ్మ. శ్రీశైలం చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది.

ఒక్క విషయం బాధ పెట్టింది. మా ఊరి నుంచి కలిసి బయల్దేరిన గుంపు ఒకటి ఉంది, నెమ్మదిగా వచ్చే వాళ్ల కోసం ఆగుతామని మాట ఇచ్చి మఠంబావి దగ్గరే మమ్మల్ని వదిలేసి పోయారు, మా మందుల సంచి ఒకటి వాళ్ల దగ్గరే ఉండిపోయింది. అదృష్టం కొద్దీ బీపీ మాత్ర నా దగ్గరే పెట్టుకున్నాను. మందులు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి, దయచేసి ఇది గుర్తుంచుకోండి.

ఆత్మకూరు_నడక:
అక్కా, చదువుతుంటే ఒళ్లు పులకరించింది. పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పండి. వచ్చేసారి వస్తే ఆత్మకూరులో మా ఇంట్లో దిగాలి, మందుల సంచి నేనే మోస్తా.

పాతమెట్లు:
ఫోటో వద్దన్నదని చదివి కాసేపు ఇక ముందుకు చదవలేకపోయాను. శివరాత్రి రాత్రి కొండ మీదే ఉన్నారా? పాగాలంకరణ చూశారా?

మోదుగపువ్వు:
ఉన్నాం మాస్టారూ. దీపాలన్నీ ఆర్పేశారు, ఆ చీకట్లో నేతపని చేసే దేవాంగుల ఇంటి మనిషి గర్భగుడి విమాన గోపురం నుంచి నందుల దాకా పాగా చుట్టాడు, అంత జనంలోనూ చప్పుడు లేదు. మేము చాలా దూరంగా నిలబడ్డాం, సరిగ్గా కనపడలేదు కానీ దీపాలు మళ్లీ వెలిగినప్పుడు తెల్లటి పాగా కనిపించింది. అమ్మ నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

తెల్లకోటు:
ఇప్పుడు మోకాళ్లు ఎలా ఉన్నాయి? వాపు ఏమైనా ఉందా? మెట్లు దిగడం సాధన ఆపించకండి, రెండు వారాలు విశ్రాంతి ఇచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

మోదుగపువ్వు:
వాపు లేదండీ, మూడు రోజులు నొప్పి ఉంది, తగ్గింది. ఆమె విశ్రాంతి కూడా తీసుకోవడం లేదు, రెండు కర్రలూ తలుపు పక్కన పెట్టుకుని రోజూ మెట్లు దిగుతోంది.

కొత్తగా_చేరాను:
ఈ థ్రెడ్ మొత్తం చదివాను. మా నాన్నగారికి 66, నాలుగు నెలల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. ఆయన కూడా ఉగాదికి నడుస్తానంటున్నారు. ఈ పద్ధతిలో సాధన చేయిస్తే కుదురుతుందా?

తెల్లకోటు:
ఈ ఉగాదికి వద్దండీ. ఆ దారిలో ఏదైనా జరిగితే లోయలోంచి మనిషిని మోసుకుని పైకి తేవాలి, అంత సమయం గుండె ఇవ్వదు. కార్డియాలజిస్టు పరీక్ష చేసి ఎంత శ్రమ పడవచ్చో చెప్పేదాకా ఆ మాటే ఎత్తొద్దు.

కంబి_తోడు:
నాన్నగారిని నిరాశపరచొద్దు. శ్రీశైలం వైపు నుంచి కైలాసద్వారం దాకా బండి వస్తుంది. ఉగాదికి మా వాళ్లు అక్కడ మజ్జిగ పంచుతారు, డాక్టరు ప్రయాణానికి సరేనంటే పొద్దున్నే ఆయన్ను అక్కడికి తీసుకురండి, నీడలో కుర్చీ వేసి గ్లాసులు అందించే పని ఇస్తాం. లోయ ఎక్కి వచ్చినవాళ్లకు మొదటి గ్లాసు ఆయన చేతి మీదుగానే అందుతుంది. ఏ రోజు వస్తారో చెప్పండి, నేను ఉంటాను.